క్రొత్త యింటికి పూచీ యెవరు?

కాళంగి యొడ్డున, పులికాటు సరస్సునకు సమీపమున నున్న సూళ్లూరుపేటలో నేడు ఇసుకకుప్ప గాని కంకరకుప్ప గాని లేని వీధి అరుదు. శ్రీహరికోటనుండి 1971లో మొదటి రాకెట్టు నింగి కెగసిన నాటినుండి ఉద్యోగస్థుల రాకవలన ఈ యూరు పెరుగుచు వచ్చినది. తడ దాపున శ్రీసిటీలో పరిశ్రమలు వెలసిన తరువాత అద్దెయిండ్లకును సొంతయిండ్లకును గిరాకి మఱింత హెచ్చినది. స్థలమమ్మువారు కలరు, ఇల్లు కట్టువారు కలరు, అప్పిచ్చు బ్యాంకులు కలవు. కట్టిన యింటికి పూచీపడువాడు మాత్రము కానరాడు. గృహప్రవేశమునాడు క్రొత్తబట్టలు పెట్టించుకొని, విందారగించి, యజమానిని నిండుమనస్సుతో దీవించి వెడలిన కంట్రాక్టరు, కార్తికపు వానలలో పడకగది కప్పు కాఱుచున్నదని ఫోను చేసినచో పదిమార్లలో నొకమారైనను పలుకడు. పలికినను, “వానకు కాఱని యిల్లెక్కడ నున్నదండీ?” యని సమాధానము.

ఈ యూరి చెంగాళమ్మ గుడికి రేయింబవళ్లు తలుపులు మూయరాదన్నది ఆచారము. గృహస్థున కట్టి మహిమ లేదు. వానికి తలుపు కావలయును. ఆ తలుపు తొలివానకే యుబ్బి ద్వారబంధములో నిఱుకుకొని మూతపడనిచో, అది దేవి మహిమ కాదు, పచ్చికఱ్ఱ మహిమ.

నాలుగువేల రూపాయల మిక్సీ కొన్నవానికి అంగడివాడు తేదీ వేసి, ముద్ర కొట్టి, పూచీపత్రము చేతి కిచ్చుచున్నాడు. యావజ్జీవము కూడబెట్టిన సొమ్మును, ఇల్లాలి మెడలోని బంగారమును, ఇరువదియేండ్ల నెలసరి వాయిదాలను ధారపోసి కట్టించుకొన్న యింటికి ఒక్క కాగితపుముక్క యుండదు. అడుగుటయే అమర్యాద యని మనవా రెంతురు. తెలిసిన మేస్త్రి, మన వీధివాడు, మన చుట్టముల యిల్లు కట్టినవాడు, వానితో కాగితమెందుకని మొగమాటము. ఆ మొగమాటమే తరువాత న్యాయస్థానములో ప్రతివాదికి ప్రథమసాక్షి యగుచున్నది. ఎంత సిమెంటు వేసెదనన్నాడు, ఏ కంపెనీ కమ్మీ వాడెదనన్నాడు, ఎన్ని దినములు నీరు పట్టెదనన్నాడు అని న్యాయాధిపతి ప్రశ్నించినపుడు, “నోటిమాటగా అనుకొన్నామండీ” యను కక్షిదారుని చూచి న్యాయవాది తలవంచుకొనుట తప్ప చేయగలిగినది స్వల్పము.

చట్టము లేదా యన్నచో, కలదు. 2016లో పార్లమెంటు చేసిన స్థిరాస్తి నియంత్రణ చట్టము, జనులు రెరా యని పిలుచునది, 2017 మే 1వ తేదీనుండి సంపూర్ణముగా అమలులోనికి వచ్చినది. దాని 14వ సెక్షనులోని మూడవ ఉపవిభాగము ఇల్లు కొను ప్రతివాడును కంఠస్థము చేయదగినది. ఇల్లు స్వాధీనపఱచిన తేదీ మొదలు ఐదేండ్లలోపల కట్టడపు నిర్మాణములో గాని, పనితనములో గాని, నాణ్యతలో గాని, సమకూర్చిన వసతులలో గాని లోపము కనబడి, కొన్నవాడు దానిని ప్రమోటరునకు తెలియజేసినచో, ఆ ప్రమోటరు అదనముగా దమ్మిడీ పుచ్చుకొనక ముప్పది దినములలో సరిచేయవలెను. చేయనిచో తగిన నష్టపరిహార మిచ్చుకొనవలెను. ఇది సామాన్యమైన మార్పు కాదు. 1882నాటి ఆస్తి బదలాయింపు చట్టము, అమ్మువాడు తా నెఱిగియుండి కొనువాడు సామాన్యమైన జాగ్రత్తతో కనుగొనలేని లోపమును దాచరాదని మాత్రమే శాసించినది. అమ్మినవా డెఱుగునని నిరూపించు భారము కొన్నవానిపైననే పడుచుండెను. గోడకు సున్నము పూసిన తరువాత లోపలి బీట యెవని కెఱుక? క్రొత్త చట్టము ఆ యెఱుక ప్రశ్నను ప్రక్కకు నెట్టి, ఐదేండ్లలో లోపము కనబడుటయే చాలునన్నది.

ఇంతవఱకు హర్షింపదగినదే. కాని ఈ పూచీ యెవరికి? అదే చట్టము 3వ సెక్షనులో, 500 చదరపుమీటర్లకు మించని స్థలమున కట్టినవానికిని, ఎనిమిది వాటాలకు మించని కట్టడములకును నమోదు అక్కఱలేదని మినహాయింపు నిచ్చినది. 500 చదరపుమీటర్లనగా నెల్లూరు సీమ లెక్కను, 72 చదరపుటడుగుల అంకణములు సుమారు 75. హైదరాబాదులోనో విశాఖపట్టణములోనో ఆకాశహర్మ్యములు లేపువానికి ఈ గీత లెక్కలోనిది కాదు. సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు వంటి యూళ్లలో నలుబది అంకణముల స్థలమున మూడంతస్తులు లేపి ఆఱు వాటాలు చేసి యమ్మువాడు మాత్రము సులభముగా ఈ గీతకు ఇవతల నిలిచిపోవును. నమోదు అక్కఱలేని కట్టడమునకు ఐదేండ్ల పూచీ వర్తించునా యన్నది వాదగ్రస్తమైన ప్రశ్న. వాదగ్రస్తమైన హక్కుకై బీదవాడు అధికారసంస్థల మెట్లెక్కలేడు. ఇక తన స్థలములో తానే మేస్త్రిని పెట్టి కట్టించుకొను గృహస్థుని గతి యింకను అన్యాయము. అమ్మకమునకు కట్టువాడే ఆ చట్టము దృష్టిలో ప్రమోటరు. ఇతరుని స్థలములో కూలికో, అడుగు లెక్కకో కట్టువాడు ప్రమోటరు కాడు. మన ప్రాంతపు యిండ్లలో అధికభాగ మీ విధముగనే కట్టబడుచుండ, పెద్దనగరముల కొనుగోలుదారు ననుగ్రహించిన శాసనము చిన్నయూరి గృహస్థును వాకిట నిలిపినది.

ఈ తీరమున ఆ పూచీ యవసరము నగరములకంటె హెచ్చు గాని తక్కువ కాదు. ఉప్పుగాలి యిచ్చటి యిండ్లకు మొదటి శత్రువు. కాంక్రీటులోని కమ్మీకి ఉప్పు తగిలినచో తుప్పు పట్టును. తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటాక్రమించును. ఆ యొత్తిడికి కాంక్రీటు పగిలి పెచ్చులూడును. పగిలినచోట మఱింత గాలియు నీరును చొచ్చి తుప్పు వేగిరపడును. ఇది దైవఘటన కాదు, నివారింపదగిన విషయము. ప్రమాణముల సంస్థవారి ఐఎస్ 456, 2000 సంవత్సరపు ప్రతి, తీరపు గాలికి గుఱియగు కాంక్రీటును ‘తీవ్ర’ తరగతిలో చేర్చి, దానికి ఎం30 కంటె తక్కువ రకము వాడరాదనియు, ఘనపుమీటరునకు సిమెంటు 320 కిలోలకు తగ్గరాదనియు, కమ్మీలపైన కాంక్రీటు కవరు 45 మిల్లీమీటర్లుండవలెననియు నియమించినది. కమ్మీలున్న కాంక్రీటునకు కలుపు నీటిలో క్లోరైడులు లీటరునకు 500 మిల్లీగ్రాములు దాటరాదనియు అందే కలదు. పులికాటు దెస బోరునీరు అనేకచోట్ల నోటపెట్టుకొనరాని ఉప్పన. ఆ నీటితోనే శ్లాబు పోయువారిని, ఆ నీటితోనే తడుపువారిని మన మెఱుగమా? కవరు బిళ్లలకు మాఱుగా కంకరరాళ్లు దోపువారిని, ఏడు దినములైన తడుపవలసిన కాంక్రీటును మూడవనాటికే యెండకు విడిచి, సెంట్రింగు మఱియొకరి యింటికి తరలించువారిని చూడని వీధి యున్నదా?

ఇట్లు కట్టిన యిల్లు తొలియేటనే కూలదు. అదియే చిక్కు. మొదటి కార్తికమున చెమ్మ, మూడవయేట సన్నని బీట, ఆఱవయేటనో ఏడవయేటనో వంటయింటి శ్లాబునుండి పెచ్చు రాలి పళ్లెములో పడుట, ఇది దాని నడక. అనగా చట్టమిచ్చిన ఐదేండ్ల గడువు ముగిసిన తరువాతనే తీరపుటింటి అసలురోగము బయల్పడును. 2015 నవంబరు వానలకును, 2023 డిసెంబరులో బాపట్లకడ తీరము దాటిన మిచాంగ్ తుపానునకును ఈ ప్రాంతము తడిసినపుడు, ముసలి మిద్దెలు నిలిచి క్రొత్త వాటాలు కాఱినవని పెద్దలు చెప్పుకొన్నారు. గానుగసున్నపు పనిని పొగడి నేటి సిమెంటును తెగడుట మా యుద్దేశము కాదు. ఆనాడు కట్టినవాడు ఆ యూరనే యుండి, తన పేరు చెడునని భయపడెడివాడు. ఈనాటి కంట్రాక్టరునకు ఆ భయము తొలగినది. దాని స్థానమున చట్టభయ మింకను రాలేదు.

పూచీ యన్నది నిన్నమొన్నటి మాట కాదు. సుమారు 3,700 ఏండ్ల క్రిందట బాబిలోను రాజు హమ్మురాబి చెక్కించిన శాసనములలో, ఇల్లు కట్టినవాడు పని సరిగా చేయక గోడ యొరగినచో తన సొంతసొమ్ముతో దానిని గట్టిపఱుపవలెనని యొకటి. ఇల్లు కూలి యజమాని మరణించినచో కట్టినవానికి మరణదండన యని మఱియొకటి. ఆ రెండవది మనకు వలదు. మొదటిది నాలుగువేల యేండ్లైనను పాతబడలేదు. ఫ్రాన్సుదేశపు 1804 సంవత్సరపు సివిలు స్మృతి కట్టడపు గట్టిదనమునకు పదియేండ్ల పూచీని కట్టినవానిపై మోపినది; 1978లో ఆ దేశము మఱియొక యడుగు వేసి, ఆ పూచీకి భీమా తప్పనిసరి చేసినది. కంట్రాక్టరు దివాలా తీసినను గృహస్థుడు మునుగడు. జపానువారు 1999లో చట్టము చేసి, 2000 ఏప్రిలునుండి క్రొత్త యింటి ముఖ్యభాగములకును వాననీరు చొరకుండుటకును పదియేండ్ల పూచీని విధించిరి. భూకంపముల దేశము పదియేండ్లు అడుగుచుండ, తుపానుల తీరము ఐదేండ్లతో తృప్తి నొందవలెనా? ఇంగ్లండులో నివాసయోగ్యము కాని యింటిపై దావావేయు గడువును 2022 చట్టము పదునైదేండ్లకు పొడిగించినది. మన దేశము వీరికంటె బీదది; కావున ఇంత గడువు మనకు చెల్లదనువారు కలరు. ఒకే యింటిని రెండుమార్లు కట్టుకొనుశక్తి బీదవానికే లేదు గదా. పూచీ ముందుగా కావలసినది వానికే.

రెరా వాకిట నిలిచిన గృహస్థునకు వేఱొక ద్వారము తెఱచియున్నది. లక్నో అభివృద్ధిసంస్థ వ్యాజ్యములో 1993 నవంబరులో సుప్రీముకోర్టు, ఇల్లు కట్టియిచ్చుటయు ‘సేవ’యే యనియు, అందు లోపమున్నచో వినియోగదారుల న్యాయస్థానమునకు పోవచ్చుననియు తీర్పు చెప్పినది, ప్రజాధనమునుండి చెల్లించిన పరిహారమును బాధ్యులైన అధికారులనుండి రాబట్టవలెనని గట్టిగా పలికినది కూడ ఈ తీర్పే. ఆంధ్రదేశమునుండి పోయిన నార్నే కన్‌స్ట్రక్షన్సు వ్యాజ్యములో 2012 మేలో అదే న్యాయస్థానము, వసతులు కల్పించి స్థలము లమ్ముటకును ఈ సూత్రము నన్వయించినది. 2019 సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టములో ‘సేవ’ నిర్వచనమందు గృహనిర్మాణము స్పష్టముగా పేర్కొనబడియున్నది. ఇచ్చట ఎనిమిది వాటాల గీత లేదు, 75 అంకణముల గీత లేదు. అడుగు లెక్కకు కట్టిన మేస్త్రియు ప్రతివాది కాగలడు. చెల్లించిన సొమ్ము 50 లక్షలకు మించనిచో జిల్లా కమిషనే చాలును. ఐదులక్షలలోపు వ్యవహారమునకు రుసుమే లేదు. ఫిర్యాదీ తాను నివసించు జిల్లాలోనే దాఖలు చేసికొనవచ్చును. చెన్నైకంట్రాక్టరును వెదకికొని చెన్నై పోనక్కఱలేదు.

అయితే ఆ ద్వారమునకును గడియ కలదు. వ్యాజ్యకారణము పుట్టిన రెండేండ్లలో దాఖలు చేయవలెను. ఆ కారణ మెప్పుడు పుట్టినది? లోపము కనబడిన నాడని గృహస్థుని పక్షమున వాదింతురు. ఇల్లప్పగించిన నాడని కంట్రాక్టరు పక్షమున వాదింతురు. ఈ వాదములో కాలము గడపక, చెమ్మ కనబడిన వారములోనే రిజిస్టరు తపాలాలో కంట్రాక్టరునకు జాబు వ్రాసి, తేదీతో ఛాయాచిత్రములు తీసి, ఇంజనీరుచే పరీక్ష చేయించి నివేదిక పుచ్చుకొన్నవాడు సగము గెలిచినట్లే. ఫోనులో ఏడ్చినవాని యేడుపునకు తేదీ యుండదు.

కంట్రాక్టరు పక్షమునను మాట కలదు. దానిని వినకుండుట న్యాయము కాదు. మన గృహస్థులు నలుగురిని పిలిచి, అడుగునకు పది రూపాయలు తగ్గించినవానికే పని యిత్తురు. ఆ ధరకు ఎం30 కాంక్రీటు రాదని ఇరువురికిని తెలియును. ఇరువురును ఎఱుగనట్లు నటింతురు. పని నడుమ ఇనుము ధర పెరిగినచో ఆ నష్టమంతయు కంట్రాక్టరుపై త్రోసి, పైగా మెట్లక్రింద నొక గది ఊరకనే కట్టుమని కోరుదురు. రెండంతస్తులకు వేసిన పునాదిపై నాలుగవ యంతస్తు లేపి, బీటలకు మేస్త్రిని నిందించువారును కలరు. కూలి కంట్రాక్టులో సిమెంటును, ఇసుకను యజమానియే తెచ్చియిచ్చినపుడు, ఉప్పు ఇసుక పాపము మేస్త్రిది కాదు. ఈ తగవులన్నిటికిని మూలమొకటే: ఎవడు దేనికి బాధ్యుడో ముందుగా వ్రాసికొనకపోవుట.

కావున పునాదిపూజకు ముహూర్తము పెట్టించుకొన్నంత శ్రద్ధతో ఒడంబడిక వ్రాయించుకొనుడు. అందు కాంక్రీటు రకము, కమ్మీ కవరు, ఏ నీరు, ఎన్నినాళ్లు తడుపు, సరుకు తెచ్చువా డెవడు, ధర పెరిగినచో భారమెవరిది, ఇవి యంకెలతో నుండవలెను. కట్టడపు గట్టిదనమునకు ఇన్నేండ్లు, కాఱుటకు ఇన్నేండ్లు, తలుపులకును కుళాయిలకును ఇన్నేండ్లు అని పూచీ వేఱువేఱుగ వ్రాయవలెను. అన్నిటికంటె ముఖ్యము నిలుపుసొమ్ము. ప్రభుత్వము తన కంట్రాక్టరులకు ప్రతిబిల్లులోను కొంతసొమ్ము నిలిపి, లోపముల బాధ్యతాకాలము గడచిన తరువాతనే చెల్లించును. ప్రభుత్వమునకు తగిన జాగ్రత్త గృహస్థునకు తగదా? నూటికి ఐదో పదియో నిలిపి, ఒక పూర్తి యీశాన్యఋతుపవనము దాటిన తరువాత చెల్లింతునని ముందే చెప్పిన యజమానిని మంచి కంట్రాక్టరు తప్పుపట్టడు. ఆ మాట విని పని విడిచిపోవువాడు పోవుటయే మేలు. వాని పనితనమును గూర్చి వాడే సాక్ష్య మిచ్చినట్లైనది.

నాసిపనికి మొదట బలియగునది యజమాని కాడన్న సంగతియు మఱవరాదు. 2014 జూన్ 28వ తేదీన చెన్నై శివారున మౌలివాక్కములో, ఇంకను కట్టుచుండిన పదునొకండంతస్తుల భవనము కుప్పకూలి 61 మంది మరణించిరి. అందు ఉత్తరాంధ్రనుండి కూలికై వచ్చిన తెలుగువారు పలువురు. ఆ భవనములో కాపురముండవలసినవారు అప్పటి కింకను చేరలేదు. గమేళాలు మోసినవారే దానిక్రింద పడిరి. కట్టడపు నాణ్యత అనగానే ధనికుల సౌఖ్యపుమాట యని తలచువారు ఈ లెక్క చూడవలెను.

ప్రభుత్వము కట్టియిచ్చు యిండ్ల సంగతి వేఱుగ చెప్పవలసియున్నది. 2015 జూనులో ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణములలో ప్రారంభమైన తరువాత మన రాష్ట్రములో టిడ్కో వాటాలును, 2020 డిసెంబరునుండి పంచిన పట్టాలపై కాలనీలును వెలసినవి. ప్రభుత్వములు మాఱినవి, రంగులు మాఱినవి, పేరులు మాఱినవి. ఆ యిండ్లలో చేరిన రిక్షావాడు, చేపలమ్ముకొను స్త్రీ, తమ శ్లాబు కాఱినచో ఎవరి నడుగవలెనో ఒక్క పలకమీదనైనను వ్రాసియున్నదా? అమ్ముటకై కట్టు అభివృద్ధిసంస్థలను, ప్రభుత్వసంస్థలను కూడ రెరా ‘ప్రమోటరు’ నిర్వచనములో చేర్చినది. ఇతరులనుండి పూచీ కోరు ప్రభుత్వము తాను కట్టిన ప్రతి వాటా గోడపై, కట్టిన కంట్రాక్టరు పేరును, అప్పగించిన తేదీని, పూచీ ముగియు తేదీని చెక్కించవలెను. ఉచితముగా నిచ్చినదానిలో లోపములెన్నరాదను పెద్దమనుష్యులకు మా జవాబొకటే: అది ప్రజలసొమ్ము, ఉచితముగా నిచ్చినవా డెవడును లేడు.

చిన్నకట్టడముల మినహాయింపును తగ్గించుటకు పార్లమెంటుదాక పోనక్కఱలేదు. అవసరమని తోచినచో 500 చదరపుమీటర్ల పరిమితిని, ఎనిమిది వాటాల పరిమితిని ఇంకను దిగువకు తెచ్చుటకు ఆ 3వ సెక్షనే రాష్ట్రప్రభుత్వమున కధికార మిచ్చినది. ఆ యధికారమును కలముపట్టి వినియోగింపవలెను. తీరపు మండలములలో నాలుగు వాటాలు కట్టి అమ్మువాడును నమోదు చేయించుకొనునట్లు ఉత్తర్వు చేసినచో, సూళ్లూరుపేటలో వాటా కొన్న చిరుద్యోగికిని హైదరాబాదులో కొన్న ఉన్నతోద్యోగికిని ఒకే పూచీ లభించును. ఐదేండ్లను పదికి పెంచుట పార్లమెంటు పని. అది తరువాతి పోరాటము. సూళ్లూరుపేట, గూడూరు, వెంకటగిరి శాసనసభ్యులు మొదటి కోరికను రాబోవు సమావేశములోనే సభ ముందుంచవలెనని మేము కోరుచున్నాము. పురపాలక సంఘమువా రంతవఱకును కాచుకొనియుండ బనిలేదు. తీరపు కట్టడమునకు కావలసిన కాంక్రీటు రకము, కవరు, నీటి పరీక్ష, పూచీకాలము, నిలుపుసొమ్ము అను గడులతో ఒడంబడిక నమూనానొకదానిని సులభమైన తెలుగులో అచ్చొత్తించి, ఇంటి ప్లాను మంజూరుచేయు ప్రతిమారును దానితోపాటు గృహస్థుని చేతికిచ్చుటకు ఎవరి యనుమతియు అక్కఱలేదు.